లడ్డూకు సోపతి

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పల్లెవెలుగు బస్సులో తిరిగే అలవాటున్నవాళ్ల చెవుల్లో హన్మండ్లు గొంతు ఇంకా మోగుతూనే ఉంటుంది. కండక్టరుగా టికెట్లు కొట్టడం ఎంత ముఖ్యమో, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలన్నది కూడా ఆయనకు అంతే ముఖ్యం. పక్క సీటు ఖాళీగా పెట్టుకొని ఎవరైనా ఒంటరిగా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే ఆయన ప్రాణం ఒప్పుకునేది కాదు.

"అవ్వా, గీడికి రా. గీ పెద్దమనిషి పక్కన కూసో. ఈయన బిడ్డెను గూడ మద్నూర్లనే ఇచ్చిన్రు" అని ఇద్దరినీ కలిపి తన దారిన తాను ముందుకు పోయేవాడు. తాడ్వాయిలో ఎక్కిన మనిషిని లింగంపేట దాకా నోరు తెరవకుండా పోనిచ్చిన పాపం ఆయనకు లేదు. ఆ సీట్ల మీద ఒకటి రెండు పెళ్లి సంబంధాలు కుదిరాయని, ఒక గట్టు తగాదా కూడా మొదలైందని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి మనిషి రిటైరై ఎల్లారెడ్డిలోని సొంత ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో ఉన్నది ఆయన, భార్య భూమక్క. భూమక్క బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట పెట్టుకుందంటే ఆమెకు లోకం పట్టదు. తునికాకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, దారం కట్టాలి. మధ్యలో మాట్లాడితే బీడీ వదులవుతుంది. హన్మండ్లు ఏదైనా చెప్పబోతే ఆమె తల ఎత్తకుండానే "ఊఁ" అనేది. ఆ "ఊఁ"లతో ఎన్ని నెలలు గడపగలడు?

అప్పుడు వచ్చింది లడ్డూ.

కూతురు ప్రణీత హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటుంది. ఒక శనివారం ఆమె ఆటోలో ఒక గాజుపెట్టెతో దిగింది. పెట్టె అడుగున తడి కొబ్బరిపొట్టు, దాని మీద ఒక చెట్టు బెరడు ముక్క, ఒక మూలన నీళ్ల గిన్నె. కొబ్బరిపొట్టులో సగం కూరుకుపోయి, పచ్చగా మచ్చలు మచ్చలుగా, అరచేయంత కప్ప. కళ్ల మీద చిన్న కొమ్ముల్లాంటి మొనలు. నోరు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా. చెవులే ఉంటే.

"హాస్టలామె చూసింది బాపు. కప్పనన్న తీసెయ్యి, నువ్వన్న ఖాళీ చెయ్యి అన్నది. ఇల్లు దొరికెదాక ఈడ ఉంచుకో. దీని పేరు లడ్డూ. ఇది మన దిక్కు కప్ప కాదు, బయటిదేశంది."

భూమక్క దూరం నుంచే చూసింది. "ఏం పని చేస్తది?"

"ఏం చెయ్యది. కూసుంటది. తింటది."

"అయితె దొరన్నట్టు" అంది భూమక్క. ఆ రోజు నుంచి ఆమె నోట అది లడ్డూ కాలేదు, దొరే.

దొరకు తిండి ఎర్రలు, అంటే వానపాములు. పట్టకారుతో ముందు ఊపితే చాలు, గభాలున నోట్లోకి పోతాయి. పోచారం ప్రాజెక్టు కాడ గాలం వేసే నర్సింహులు రెండు రోజులకోసారి డబ్బాలో ఎర్రలు తెచ్చి ఇచ్చేవాడు. హన్మండ్లు మొదట్లో ఆ పెట్టె వైపు పెద్దగా చూడలేదు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆ తర్వాత టీ కూడా అక్కడే తాగడం మొదలుపెట్టాడు. లడ్డూ పొద్దున ఎక్కడ కూర్చుందో సాయంత్రం కూడా అక్కడే కూర్చునేది. రెప్ప కొట్టేది. గొంతు కింద చర్మం ఆడేది. అంతే.

వారం తిరిగేసరికి హన్మండ్లు ఇక చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఇంత పెద్ద పెట్టెలో ఒక్క ప్రాణం!

"దీనికి మనసున వడ్తలేదు" అన్నాడు భూమక్కతో. "మాట్లాడెటోళ్లు లేరు. ఎవలనన్న తోడు పెట్టాలె."

"ఊఁ" అంది భూమక్క.

దాన్ని ఆయన అనుమతిగా తీసుకున్నాడు.

మొదట నర్సింహులునే అడిగాడు. నర్సింహులు బాగా ఆలోచించి, తమ బాత్రూం వెనక ఒక బోదురుకప్ప ఉందని, మంచి గుణమని చెప్పాడు. ఇద్దరూ కలిసి వీడియో కాల్‌లో ప్రణీతకు ఆ మాట చెప్పారు. ఆమె తల పట్టుకుంది.

"బాపు, లడ్డూ నోట్లె పట్టెటిది ఏదున్నా మింగుతది. కప్పనైనా సరే. ఆ బోదురుకప్ప తోలుల విషం ఉంటది, మింగితె ఇది గూడ సస్తది. దాన్ని ఆడనే ఉండనియ్యుండ్రి, దాని బతుకు దాన్ని బతుకనియ్యుండ్రి."

"అయితె కప్పలు వద్దు" అన్నాడు హన్మండ్లు. "వేరే జాతి చూస్త."

ఆమె ఇంకా ఏదో చెప్పేలోపు ఆయన ఫోన్ పెట్టేశాడు. వేరే జాతి అనగానే ఆయనకు నత్త తట్టింది. నిదానమైన మనిషి పక్కన నిదానమైన మనిషే కుదురుతుందని ఆయన సర్వీసంతా నేర్చుకున్న పాఠం. పొలం కాల్వలోంచి నిమ్మకాయంత నత్తను తెచ్చి, కడిగి, లడ్డూకు ఎదురుగా పెట్టాడు. నత్త కాసేపటికి తల బయటపెట్టి, కొమ్ములు చాచి, లడ్డూ దిక్కు ఒక అంగుళం నడిచింది.

టప్పున చప్పుడైంది. నత్త లేదు.

లడ్డూ నోరు మూతపడలేదు. పెదవుల మధ్య గుల్ల సగం కనబడుతోంది, కళ్లు లోపలికి పోయి బయటికి వస్తున్నాయి. హన్మండ్లు లబలబలాడాడు. "వామ్మో, మింగింది! గుల్లతోటి మింగింది!" చెంచా తెచ్చాడు, చెంచాతో ఏం చెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకొని నిలబడ్డాడు. భూమక్క చాట దించి వచ్చింది. ఇద్దరూ చూస్తుండగా లడ్డూ ముందుకాళ్లతో మూతి రెండుసార్లు తుడుచుకొని, గుల్లను ముందుకు తోసేసింది. నత్త కొబ్బరిపొట్టు మీద దొర్లింది. కొంతసేపటికి తల బయటపెట్టి, అటూ ఇటూ చూసి, లడ్డూ దిక్కుకు కాక గాజు మీదికి ఎక్కడం మొదలుపెట్టింది.

"దానికున్న తెలివి నీకు లేకపాయె" అంది భూమక్క.

ఆ మాట పట్టించుకునే స్థితిలో హన్మండ్లు లేడు. ఆయనకు అర్థమైనదేమిటంటే, మెత్తని మనిషి పనికిరాడు, కొంచెం గట్టి మనిషి కావాలి. మింగబోతే ఎదురు చెప్పగలగాలి. అంటే ఎండ్రకాయ.

ఎండ్రకాయ కూడా నర్సింహులే తెచ్చాడు. చిన్నదే, గోధుమరంగుది. పెట్టెలో వేయగానే అది పక్కకు నడుచుకుంటూ పోయి బెరడు కింద దూరింది. పొద్దంతా ఇద్దరూ ఎవరి జాగాలో వాళ్లున్నారు. హన్మండ్లు తృప్తిగా "కుదిరింది" అనుకొని అన్నానికి లేచాడు.

పప్పులో చెయ్యి పెట్టాడో లేదో ముందుగదిలోంచి కేక వినబడింది. మేకపిల్ల గొంతు పిసికితే వచ్చేలాంటి కేక. ఆగకుండా వస్తూనే ఉంది. భూమక్క చేతిలోని పప్పు గంటె కింద పడింది. పక్కింటి ఈరవ్వ, మోకాళ్ల నొప్పులతో గడప దాటని మనిషి, కర్ర కూడా మరిచిపోయి పరుగెత్తుకొచ్చింది.

"ఎవల పిల్లగాడే? ఎవల పిల్లగాన్ని కొడ్తున్నరే?"

అరుస్తున్నది లడ్డూ. నోరంతా తెరిచి, ఒళ్లంతా గాలితో ఉబ్బించి అరుస్తోంది. దాని వెనకకాలి వేలును ఎండ్రకాయ పట్టుకొని వేలాడుతోంది. కప్ప ఇలా అరుస్తుందని ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు. ఈరవ్వ ఒక్క చూపు చూసి, "ఇది కప్ప కాదు, దయ్యం" అని తీర్పు చెప్పింది. హన్మండ్లు నీళ్లు పోసి, బతిమాలి, చివరికి ఎండ్రకాయను విడిపించాడు. విడిపించినందుకు అది ఆయన బొటనవేలు పట్టుకుంది. ఈసారి అరుపు లడ్డూది కాదు.

ప్రణీత ఫోన్‌లో వీధంతా వినబడేలా తిట్టింది. కాలికి పెద్దగా ఏం కాలేదు గానీ, కొన్ని రోజులు శుభ్రమైన నీళ్లు మార్చుతూ చూడమంది. కూతురు తిట్టినందుకు కాదు, కప్పకు నొప్పి కలిగించినందుకు హన్మండ్లు ముఖం చిన్నబోయింది. ఆ సాయంత్రం కుర్చీ కొంచెం దూరం జరుపుకొని కూర్చున్నాడు.

"బాపు, ఇప్పటికన్న ఫోన్ పెట్టెయ్యకుండ విను" అంది ప్రణీత మర్నాడు కొంచెం మెత్తబడి. "లడ్డూకు సోపతి అక్కర్లేదు. ఒక్కతే ఉండుడే దానికి ఇష్టం."

"ఒక్కరే ఉండుడు ఎవలకు ఇష్టముంటదమ్మా?"

ప్రణీత ఇక వాదించకుండా, "సరె, నీకు అంత మనసుంటె ఒక తీరు పురుగులున్నయ్" అంది. "కుండీల కింద బూడిద రంగుల ఉంటయి చూడు. ముట్టుకుంటె గోలీలెక్క చుట్టుకుంటయి. అవి కప్పను కరవయి. ఎండుటాకులు, దాని మలం, బూజు తింటయి. ఒకటో రెండో అది మింగినా ఏం కాదు. ఇంకోటి తెల్లగ, నూకల సగం కూడ ఉండయి, ఎగిరి దుంకుతయి. అవి కామారెడ్డిల చేపల దుకాణంల దొరుకుతయేమో అడుగు. జెర్రులు, చీమలు, వందకాళ్ల రోకలిబండలు మాత్రం వద్దు. కీచురాళ్లు గూడ వద్దు, అవి తిండి దొరకకుంటె కప్పనే కొరుకుతయి."

"అంటె క్లీనర్లన్నట్టు."

"ఆఁ, క్లీనర్లే."

హన్మండ్లుకు ప్రాణం లేచొచ్చింది. బస్సులో డ్రైవరు, కండక్టరు పేర్లే అందరికీ తెలుస్తాయి గానీ పొద్దున్నే బస్సు కడిగేవాడు లేకపోతే ఆ బస్సు ఎక్కేదెవరు? అలాంటివాళ్లు లడ్డూకు తోడుంటే అంతకన్నా మర్యాద ఏముంది?

భూమక్క పుదీనా కుండీ ఎత్తి చూస్తే కింద కావలసినన్ని గోలీ పురుగులు. ఐస్‌క్రీం డబ్బాకు బెజ్జాలు పెట్టి, తడిమట్టి వేసి వాటిని అందులో ఎక్కించాడు. కుండీకి ఎప్పుడైనా మందు కొట్టారేమో తెలియదు కాబట్టి వెంటనే కప్ప దగ్గర వేయొద్దని, కొన్ని వారాలు విడిగా పెట్టి చూడాలని ప్రణీత చెప్పింది. తిండికి ఆయన భూమక్క చాటలోని తునికాకు కత్తిరింపులు వేయబోతే మళ్లీ ప్రణీతే ఫోన్‌లో ఆపింది. "వద్దు బాపు, వాటికి తంబాకు దుమ్ము అంటుకొని ఉంటది. పురుగులు, కప్ప అన్ని సస్తయి. ఎండిన జామాకులు ఏరుకొచ్చి, ఉడకబెట్టి వెయ్యి."

భూమక్క తన పప్పు గిన్నె ఇవ్వనంటే అన్నం గిన్నె తీసుకొని పొయ్యి మీద జామాకులు ఉడకబెట్టాడు. ఆ వాసనకు ఈరవ్వ మళ్లీ వచ్చింది.

"ఏం కషాయమే భూమక్కా?"

"ఆయన్నడుగు."

"మోకాళ్లకు గూడ పనిచేస్తదా?" అని ఈరవ్వ అడిగితే, కాదంటే పురుగుల సంగతంతా చెప్పాల్సి వస్తుందని హన్మండ్లు నీళ్లు నమిలాడు. ఆమె గ్లాసు తెచ్చుకొని తానే వంచుకొని తాగింది. రెండు రోజుల తర్వాత నొప్పి తగ్గిందని మళ్లీ గ్లాసుతో వచ్చింది. ఆ నెలంతా హన్మండ్లు ఇంట ఆకులు ఉడుకుతూనే ఉన్నాయి. ఆకులు పురుగులకు, నీళ్లు ఈరవ్వకు.

డబ్బాలో ఉన్నవన్నీ మంచివేనా అన్న అనుమానం మాత్రం ఆయనను వదల్లేదు. కొన్ని పొడుగ్గా కనబడుతున్నాయి. డబ్బా సంచిలో పెట్టుకొని కామారెడ్డి బస్సెక్కాడు. అక్కడ చేపల తొట్లు అమ్మే శ్రీకాంత్ దుకాణంలో డబ్బా మూత తీస్తే, శ్రీకాంత్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"అన్నా, గివి తీసుకొచ్చినవేంది?"

శ్రీకాంత్‌కు చేపలు తెలిసినంతగా పురుగులు తెలియవు. ఇద్దరూ ప్రణీతకు ఫోటోలు పంపి, ఆమె ఒక్కొక్క దాన్ని చూసి చెబుతుంటే, పొడుగ్గా ఉన్న రోకలిబండ పిల్లల్ని పుల్లతో ఏరేశారు. తెల్ల పురుగులు ఆ వారమే హైదరాబాదు నుంచి వచ్చిన సరుకులో, బొగ్గు ముక్కలు నింపిన ఒక చిన్న డబ్బాలో ఉన్నాయి. అవెందుకు పంపారో అప్పటిదాకా శ్రీకాంత్‌కే తెలియదు.

రెండు డబ్బాలతో హన్మండ్లు తిరుగు బస్సెక్కాడు. బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు అనిల ఆయన దగ్గరే పని నేర్చుకున్నది. "అన్నా, కూసో" అని ఇంజను పక్కన జాగా చూపించింది. తాడ్వాయిలో ఇంకా జనం ఎక్కారు. లింగంపేట దాటాక ఒక గుంతలో బస్సు ఎగిరిపడింది. హన్మండ్లు ఒళ్లోని సంచి ఎగిరింది, ఐస్‌క్రీం డబ్బా మూత ఊడింది.

పురుగులు పడగానే చుట్టుకున్నాయి. చుట్టుకున్నవి చుట్టుకున్నట్టే ముందు నుంచి వెనక దాకా దొర్లుకుంటూ పోయాయి.

"పురుగులు! అమ్మో, పురుగులు!"

సీట్లలో ఉన్నవాళ్ల కాళ్లన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. నిలబడ్డవాళ్లు ఎవరి ఒళ్లో వీలైతే వాళ్ల ఒళ్లో కూర్చున్నారు. అనిల ఈల వేసి బస్సు ఆపించింది.

"ఎవలియివి? సంచిల ఏమున్నదో చెప్పి ఎక్కాలె గదా!"

ఆ మాట ఆమెకు నేర్పింది హన్మండ్లే. ఆయన మెల్లగా చెయ్యి ఎత్తాడు. "నాయే బిడ్డా."

"అన్నా! నువ్వే గిట్ల చేస్తె ఎట్లనే?"

ఆయన మోకాళ్ల మీద వంగి ఏరడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు నిలబడి తిరిగిన నడవలో ఆయన చేతులూ కాళ్లూ ఆనించి పాకడం అదే మొదలు. తలపాగా కట్టుకున్న ఒక రైతు వంగి చూసి, "వీటిని ఏం చేస్తవన్నా? మందా?" అని అడిగాడు.

హన్మండ్లు తల ఎత్తకుండానే చెప్పాడు. "కప్పకు సోపతి."

ఎవరో ముసలమ్మ ముందుగా కిసుక్కుమంది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. డ్రైవరు స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు. నవ్వుతూనే కాళ్లు దించారు, నవ్వుతూనే వంగి ఏరడం మొదలుపెట్టారు. ఒకామె తన టిఫిన్ డబ్బా మూతలో ఏరి తెచ్చింది. పక్కనామె ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్‌ను మడిచి దానితో ఎత్తి ఇచ్చింది. బస్సు కదిలాక ఎల్లారెడ్డి దాకా ఇదే చర్చ.

"తేలును పెట్టన్నా. అది గూడ ఊకెనే కూసుంటది."

"తేలు కుడితె కప్ప బతుకుతదా? సాలెపురుగు నయం."

"మా ఆయన్ను పంపిస్త తీస్కపో. అన్నం పెట్టిందాంక కదలడు."

బస్టాండులో దిగేటప్పుడు ముగ్గురు ఆయన ఫోన్ నంబరు తీసుకున్నారు, కప్పను చూడ్డానికి వస్తామని. ఇద్దరు నిజంగానే వచ్చారు.

వారాలు గడిచాయి. విడిగా పెట్టిన పురుగుల్లో చచ్చినవి ఏమీ కనబడలేదు. ఒక ఆదివారం పొద్దున, ప్రణీత ఫోన్‌లో చూస్తుండగా, హన్మండ్లు వాటిని పెట్టెలోకి వదిలాడు. తెల్లవి కొబ్బరిపొట్టులో కలిసిపోయాయి. గోలీ పురుగులు బెరడు కిందికి చేరాయి. లడ్డూ ఒకదాన్ని గభాలున మింగి, రుచి నచ్చనట్టు కళ్లు మూసుకుంది. మళ్లీ ఇంకోదాని జోలికి పోలేదు.

మధ్యాహ్నానికి ఒక పురుగు బెరడు దిగి, నిదానంగా నడిచి, లడ్డూ వీపు ఎక్కింది. మచ్చ మీంచి మచ్చ మీదికి నడిచి, తల దాకా పోయి, రెండు కొమ్ముల నడుమ ఆగింది. లడ్డూ రెప్ప కూడా కొట్టలేదు.

"ఏమేయ్, రా! జల్ది రా!" హన్మండ్లు కేకేశాడు. "కూసున్నది! పక్కన కాదు, నెత్తి మీదనే కూసున్నది!"

భూమక్క కట్టబోయే బీడీ వదిలేసి వచ్చింది. చాలాసేపు చూసింది. "దానికి తెల్వనే తెల్వదు, నెత్తి మీద ఎవలున్నరో" అంది. కానీ చాట దగ్గరికి వెంటనే తిరిగి వెళ్లలేదు. హన్మండ్లు ఏదో చెబుతుంటే ఆ రోజు ఆమె "ఊఁ" అనకుండా, "అయితె అవి నీళ్లు ఎట్ల తాగుతయి?" అని అడిగింది.

దసరా ముందు ప్రణీతకు ఇల్లు దొరికింది. స్నేహితురాలితో కలిసి అద్దెకు తీసుకుంది. అక్కడ కొత్త గాజుపెట్టె సిద్ధం చేసుకొని లడ్డూను తీసుకుపోవడానికి వచ్చింది. చిన్న డబ్బాలో తడి బట్ట వేసి కప్పను ఎత్తుకుంటుంటే హన్మండ్లు వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. కొన్ని పురుగుల్ని కూడా వెంట ఇచ్చాడు. "దానికి అలవాటైనయి" అన్నాడు. అవంటూ ఉన్నట్టే లడ్డూకు తెలియదని తెలిసినా ప్రణీత వాటిని కూడా సంచిలో పెట్టుకుంది.

ఆటో పోయాక ఆయన ఖాళీ పెట్టెను కడగడానికి బయటికి తీశాడు. బెరడు ఎత్తాడు. ఎత్తినవాడు మళ్లీ అలాగే దించి, కళ్లజోడు తెచ్చుకొని, మళ్లీ ఎత్తాడు. బెరడు అడుగున ఆవగింజలో సగం లేని తెల్లటి పిల్లలు పాకుతున్నాయి, లెక్కకు అందనన్ని.

భూమక్క చేతులు సబ్బుతో కడుక్కొని వచ్చి వంగింది. "దొర పాయె గాని రైతులు మంచిగనే ఉన్నరు" అంది.

పెట్టె కడగలేదు. మళ్లీ కుర్చీ పక్కకే చేరింది. కప్ప లేని కప్పపెట్టెను చూడ్డానికి వచ్చినవాళ్లకు ఆయన బెరడు ఎత్తి చూపిస్తాడు. ఎక్కువసేపు ఎత్తితే వాటికి ఆరిపోతుందని వెంటనే దించేస్తాడు. పురుగులకు దోసకాయ తొక్క ఏ రోజు వేయాలన్న దాని మీద మొగుడూ పెళ్లాలకు రోజూ మాటామాటా అవుతుంది.

కార్తీకంలో పెద్దకొడప్‌గల్‌లో భూమక్క అన్న కొడుకు పెళ్లి వచ్చింది. మూడు రోజులు ఉండాలి. పెట్టెలో తడి చూసేదెవరని హన్మండ్లు కదల్లేదు. భూమక్క ఒక్కతే పోయింది. మీ ఆయన ఎందుకు రాలేదని అడిగినవాళ్లందరికీ జ్వరమని చెప్పింది.